ఈసారి ఎక్స్‌కర్షన్ గుంటుపల్లికి పెట్టండి: తిరుపతి, చిత్తూరు జిల్లాల హెడ్మాస్టర్లకి, సోషల్ టీచర్లకి ఒక శిల్పి బహిరంగ లేఖ

హెడ్మాస్టర్ సార్లకి, మేడమ్‌లకి, ప్రైవేట్ స్కూళ్ళ కరస్పాండెంట్లకి, అందరికంటే ముఖ్యంగా సోషల్ చెప్పే టీచర్లకి నమస్కారం.

నేను తిరుపతిలో రాతిపని చేసేవాణ్ణి. గుళ్ళకి విగ్రహాలు, ద్వారబంధాలు, స్తంభాలు చెక్కడం నా పని. నేను అడగాల్సింది ముందే అడిగేస్తాను, ఎందుకు అడగతా ఉండానో తర్వాత చెప్తాను. ఈ ఏడాది మీ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిలకాయల్ని ఎక్స్‌కర్షన్‌కి ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలో ఉండే గుంటుపల్లి బౌద్ధ గుహలకి తీసుకుపొండి. దోవలో విజయవాడ పక్కనే ఉండే ఉండవల్లి కూడా చూపించండి. బయల్దేరే ముందు ఒక పూట మన గుడిమల్లం తీసుకుపొయ్యి చూపించండి. అంతే.

నవంబర్ వస్తానే మన తట్టు స్కూల్ బస్సులన్నీ బయల్దేరతాయి, కొన్ని థీమ్ పార్కులకి, కొన్ని ఊటీకి, కొన్ని బెంగళూరుకి, కొన్ని మహాబలిపురానికి. పిలకాయలు ఆడుకోవద్దని నేను అనను, వాళ్ళ వయసు అది, ఆడుకోవాల్సిందే. నాకు బాధ ఎక్కడంటే మహాబలిపురం దాకా పొయ్యి కూడా ఏమీ చూడకుండా వచ్చేస్తా ఉండారు. పోయినేడు మా పాప స్కూల్ వాళ్ళు తీసుకుపొయినారు, ఇంటికొచ్చినాక ఏం చూసినావు తల్లీ అని అడిగితే గుండ్రాయి, బీచ్ అనింది. భీమ రథం, అదే ఒకే రాతిలో గుడి మాదిరి చెక్కింది, చూసినావా అంటే చూసినాం నాన్నా, ఆడ ఫొటో దిగినాం అనింది. ఆ భీమ రథం పైకప్పు అట్లా ఎందుకుందో ఎవురైనా రెండు నిమిషాలు నిలబడి చెప్పి ఉంటే ఆ పాప ఇంటికొచ్చినాక మన గోవిందరాజస్వామి గాలిగోపురం వైపు ఇంకో రకంగా చూసేది. ఆ చెప్పాల్సిన సంగతే ఈ లెటర్‌లో రాస్తా ఉండా, టీచర్లకి పనికొస్తాదని.

మొదట గుంటుపల్లి గురించి చెప్తాను. ఊరి పేరుతో గుంటుపల్లి గుహలు అంటారు కానీ కొండ ఉండేది జీలకర్రగూడెం దగ్గర. మెట్లెక్కి పైకి పోతే ఒక పక్క గుండ్రంగా తొలిచిన చిన్న గుహ ఒకటి ఉంటాది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది చెప్తారు. వాకిలి పైన గుర్రపు లాడం ఆకారంలో కమాను, ఆ కమాను కింద వరసగా చిన్న చిన్న రాతి ముక్కలు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. దగ్గరికి పొయ్యి చూస్తే అర్థమవతాది, అవి కప్పు దూలాల కొనలు. చెక్క ఇంటికి దూలాలు బయటికి కనపడతాయి కదా, అట్లా. కానీ అక్కడ చెక్క లేదు, దూలమూ లేదు, అంతా కొండ రాయే, దూలం కొన మాదిరి చెక్కినారు. లోపలికి పోతే మధ్యలో స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకి దోవ. అప్పుడు తలెత్తి చూడమనండి పిలకాయల్ని. కప్పు నడి నుంచి కిందికి వాసాలు దిగతా ఉంటాయి, వాటికి అడ్డంగా పట్టీలు, పూరిల్లు లోపల పడుకుని పైకి చూస్తే ఏమేం కనపడతాయో అవన్నీ రాతిలో ఉంటాయి.

ఇక్కడ రాతిపని తెలిసినవాడిగా ఒక మాట చెప్పాలి, ఇది పుస్తకాల్లో అంత గట్టిగా చెప్పరు. కప్పులో ఒక రాతి వాసం తేలి కనపడాలంటే ఆ వాసాన్ని అంటించేది ఉండదు, వాసం చుట్టూ ఉండే కప్పంతా అంత మందం చెక్కి కిందికి పడేయాల, అప్పుడే వాసం మిగలతాది. అంటే ఆ వాసాల కోసం మొత్తం కప్పుని రెండోసారి చెక్కినట్టే లెక్క. అదీ తల వెనక్కి వంచి, చేతులు పైకెత్తి, కళ్ళల్లో పొడి పడతా ఉంటే. తలమీది కప్పు చెక్కడం ఎంత కష్టమో మా పనివాళ్ళని అడగండి, నేల మీద పెట్టి కొట్టే రాయికి, నెత్తిన ఉండే రాయికి తేడా భూమికి ఆకాశానికి ఉండేంత, సుత్తి దెబ్బకి బరువు సాయం రాదు, మెడ పట్టేస్తాది, ఒక గంట చేసినాక ఉలి ఎక్కడ ఆనించామో కూడా సరిగ్గా తెలియదు. ఇంత చేస్తే ఆ వాసాలు మోసే బరువు ఏమైనా ఉందా అంటే ఒక్క రవ్వ లేదు, కొండ తనంతట తానే నిలబడి ఉంది. మరి ఎందుకు చెక్కినారు? ఎందుకంటే వాళ్ళకి తెలిసిన పవిత్రమైన ఇల్లు చెక్కతో, గడ్డితో కట్టిన ఇల్లు, స్తూపం ఉండే చోటు అట్లానే ఉండాల అనుకున్నారు. ఆ చెక్క ఇళ్ళు ఒక్కటి కూడా మనకి మిగల్లేదు, చెదలు తినేసినాయి, వానకి కుళ్ళిపొయినాయి, కాలిపొయినాయి. రెండు వేల ఏళ్ళ కింద మన దేశంలో వడ్రంగి వాళ్ళు కప్పు ఎట్లా వేసేవాళ్ళో తెలుసుకోవాలంటే శిల్పి రాతిలో దింపిన ఈ నకలే చూడాల.

ఈ వరస మొదలు ఎక్కడ అంటే బిహార్‌లో, జెహానాబాద్ జిల్లాలో బరాబర్ కొండలు. అశోకుడి కాలం, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం. అక్కడ సుదామ గుహలో అశోకుడి శాసనం ఉంది, ఆయన పట్టానికి వచ్చిన 12వ ఏట ఆజీవకులు అనే సన్యాసులకి ఆ గుహ ఇచ్చినట్టు. పక్కనే లోమశ ఋషి గుహ, దాని వాకిలి చూస్తే అచ్చంగా పూరిల్లు ముఖం, పైన వంపు తిరిగిన కప్పు, దూలాల కొనలు, కమాను లోపల వరసగా ఏనుగులు. గుంటుపల్లి గుండ్రటి గుహ వాకిలికి, దీనికి పోలిక కొట్టొచ్చినట్టు కనపడతాది, అందుకే పండితులందరూ రెండింటినీ కలిపి చెప్తారు. బరాబర్ రాయి గ్రానైట్. ఈ మాట మన చిత్తూరు వాళ్ళకి చెప్తే వేరేగా అర్థమవతాది, ఎందుకంటే మన కుప్పం తట్టు గ్రానైట్ క్వారీలు చూడని ఇల్లు తక్కువ. గ్రానైట్‌కి అద్దం మాదిరి మెరుపు రావాలంటే ఈరోజు మాకు కరెంటు మెషిన్ కావాల, గరుకు నుంచి నున్నటి దాకా వరసగా మార్చుకుంటా పొయ్యే పాలిష్ రాళ్ళు కావాల, ఆపకుండా నీళ్ళు పోయాల. బరాబర్‌లో గుహల లోపలి గోడలకి ఆ మెరుపు ఉంది, గోడలో మన ముఖం నీడ కనపడేంత మెరుపు, కరెంటు లేని కాలంలో, చేత్తో. మెరుపు తెచ్చింది గోడ మీద అరచెయ్యంత చోట అయితే సరేలే అనుకోవచ్చు, గది గదంతా తెచ్చినారు. లోమశ ఋషి గుహలో మాత్రం లోపలి పని సగంలోనే ఆగిపొయింది.

ఇప్పుడు తిరుపతికి వద్దాం. టీచర్లు ఒక సాయంత్రం పిలకాయల్ని గోవిందరాజస్వామి గుడి ముందర నిలబెట్టి గాలిగోపురం చివర చూపించండి, కలశాలు నిలబెట్టిన కప్పు ఉంటాది కదా, పొడుగ్గా, పైన వంపు తిరిగి, గూడుబండి గూడు మాదిరి. ఆ కప్పుకి రెండు కొసల్లో లాడం ఆకారంలో కమాను ముఖాలు ఉంటాయి. తర్వాత కిందికి చూపు దింపి రాతి గోడ పైన చూరు మాదిరి వంగి ఉండే భాగం చూడమనండి, మేము కపోతం అంటాం, దాని మీద అక్కడక్కడ చిన్న చిన్న కమానులు వరసగా చెక్కి ఉంటాయి, వాటిని కూడు అంటాం, నాసి అనీ అంటాం. నేను పని నేర్చుకునేటప్పుడు మొట్టమొదట చేతికి ఇచ్చిన నమూనాల్లో కూడు ఒకటి. ఆ చిన్న కూడుకి తాతముత్తాతలు లోమశ ఋషి గుహ వాకిలి, గుంటుపల్లి గుహ వాకిలి. చెక్క ఇంటి ముందర గాలి, వెలుతురు కోసం పెట్టిన కిటికీ అది. మహారాష్ట్రలో భాజా, కార్లే, అజంతాలో బౌద్ధ చైత్యాల, అంటే స్తూపం పెట్టి కొలిచే హాళ్ళ, ముందర నిలువెత్తు కిటికీ అయ్యింది, ఆ తర్వాత గుడి కట్టేవాళ్ళు దాన్ని చిన్నదిగా చేసి కపోతం మీద వరసగా పెట్టుకున్నారు. మహాబలిపురంలో రథాల మీద చూస్తే కూడు లోపల మనుషుల ముఖాలు తొంగి చూస్తా ఉంటాయి, అంటే 7వ శతాబ్దం శిల్పికి కూడా అది కిటికీ అని గుర్తుంది. ఆ భీమ రథం పైకప్పు, మన గాలిగోపురం నెత్తిన ఉండే కప్పు, కార్లే చైత్యం లోపలి కప్పు, మూడూ ఒకటే వంపు. మన ఊరి పిల్లోడు రోజూ సైకిల్ మీద ఆ గోపురం కింద పోతా ఉంటాడు. వాడికి ఈ సంగతి ఒక్కసారి చూపిస్తే చాలు, ఇంక జన్మలో మర్చిపోడు, నేను గట్టిగా చెప్తాను.

గుడిమల్లం ఎందుకు ముందర చూపించమంటా ఉండానంటే, ఏర్పేడు మండలం, పాపానాయుడుపేట దగ్గర, మనకి గంట ప్రయాణం కూడా లేదు. పరశురామేశ్వరుడి లింగం 5 అడుగుల ఎత్తు, లింగం మీదనే శివుడు నిలబడి ఉంటాడు, యక్షుడి భుజాల మీద కాళ్ళు పెట్టుకుని. క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల మాట, అంటే గుంటుపల్లిలో గుండ్రటి గుహ తొలిచిన కాలానికి అటూ ఇటూగా. ఇంకో సంగతి, గుడిమల్లం గర్భగుడి వెనక గోడ గుండ్రంగా తిరిగి ఉంటాది, గజపృష్ఠం అంటారు, ఏనుగు వెనక భాగం ఆకారం. గుంటుపల్లి కొండ మీద ఇటుకలతో కట్టిన చైత్యం పునాదులు కూడా అదే ఆకారం, ఒక కొస గుండ్రం, ఒక కొస చదరం. పిలకాయలు ఒక దాన్ని ఈడ చూసి, రెండో దాన్ని ఆడ చూస్తే వాళ్ళకై వాళ్ళే కనిపెడతారు, సార్ అది మన గుడిమల్లంలాగే ఉంది అని ఎవురో ఒకరు అరిచి చెప్తారు చూడండి. మనం చెప్పింది వినడం వేరు, వాళ్ళు కనిపెట్టడం వేరు.

గుహ ఎట్లా తొలిచినారు అని పిలకాయలు తప్పకుండా అడగతారు, అదే వాళ్ళకి అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. ఇల్లు కట్టేవాడు కింద నుంచి పైకి పోతాడు, గుహ తొలిచేవాడు పై నుంచి కిందికి వస్తాడు. ముందర కప్పు పూర్తి చేస్తారు, తర్వాత స్తంభాల తలలు, తర్వాత స్తంభాలు, చివర్న నేల. ఇట్లా చేస్తే సారువ కట్టాల్సిన పని ఉండదు, వాళ్ళు నిలబడిన రాయే వాళ్ళకి సారువ, దాన్నే తవ్వుకుంటా దిగతారు. ఊహ చెప్పడం లేదు, అజంతాలో 24వ గుహ సగంలో ఆగిపొయి ఉంది, అక్కడ కప్పు తయారై కింద స్తంభాలు ఇంకా మొద్దు దిమ్మెలుగా ఉండడం ఎవురైనా చూడొచ్చు. ఈ పనిలో ఒక భయం ఉంది, అది రాయి కొట్టేవాడికే తెలుస్తాది. విగ్రహం చెక్కేటప్పుడు చెయ్యి విరిగితే ఆ రాయి పక్కన పడేసి ఇంకో రాయి తెచ్చుకోవచ్చు, మనసు కష్టపడతాది కానీ చేసుకోవచ్చు. గుహలో స్తంభం మధ్యలో పగులు వస్తే ఇంకో కొండ యాడినుంచి తెస్తావు? అందుకని మొదటి ఉలి దెబ్బ వేసే ముందే స్తంభాలు ఎన్ని, యాడెంత ఎడం, స్తూపం మీద గొడుగు ఎంత ఎత్తుకి రావాల అన్నీ ఆ కొండ బయట నిలబడే లెక్క కట్టుకోవాల. స్తూపం కూడా బయట నుంచి తెచ్చి పెట్టింది కాదు, హాలు తొలిచేటప్పుడు వదిలిపెట్టిన రాయి. మ్యాథ్స్ సార్లు కూడా రావచ్చు ఈ ట్రిప్‌కి, వాళ్ళకీ చెప్పాల్సింది దండిగా ఉంది.

కార్లే గురించి చిన్న సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మహారాష్ట్రలో లోనావాలా దగ్గర ఉంది. ఆ పెద్ద చైత్యం కప్పుకి నిజమైన చెక్క వాసాలు ఇప్పటికీ ఉన్నాయి, స్తూపం మీద చెక్క గొడుగు కూడా ఉంది. రాతి కప్పుకి చెక్క వాసాలు బిగించినారు, గుంటుపల్లిలో అదే వాసాన్ని రాతిలోనే చెక్కేసినారు. అక్కడ గోడల మీద, స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో దానం ఇచ్చినవాళ్ళ పేర్లు ఉన్నాయి. వైజయంతి ఊరి శెట్టి భూతపాలుడు, జంబూద్వీపంలోనే ఉత్తమమైన రాతి మేడ ఇది అని రాయించుకున్నాడు. ధేనుకాకటం ఊరి సుగంధ ద్రవ్యాల వ్యాపారి సింహదత్తుడు వాకిలి దానం ఇచ్చినాడు. అదే ఊరి వడ్రంగి, వేణువాసుడి కొడుకు సామి, వాకిలి పని చేసినట్టు తన పేరు రాసి ఉంది. ఒక వడ్రంగి పేరు అండీ, తండ్రి పేరుతో సహా, రాజుల పేర్లకి సమానంగా, రెండు వేల ఏళ్ళు. మా పనివాళ్ళ పేర్లు ఈ కాలంలో ఏ గుడి గోడ మీదా రాయరు, దాత పేరు రాస్తారు, ప్రారంభించినవాళ్ళ పేరు రాస్తారు. అందుకే ఆ సామి పేరు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

రాజుల సంగతి కూడా ఉంది. గౌతమీపుత్ర శాతకర్ణి పేరు తెలియని తెలుగు పిల్లోడు ఉండడు, ఆయన గొప్పతనం గురించి మనకి తెలిసిందాంట్లో ఎక్కువ భాగం నాసిక్‌లో 3వ నంబర్ గుహ గోడ మీద ఆయన తల్లి గౌతమీ బలశ్రీ వేయించిన శాసనంలోదే. కొడుకు పోయినాక, మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట, ఆ గుహని భిక్షువులకి ఇస్తా ఆ తల్లి రాయించిన మాటలు అవి. గుంటుపల్లిలో కూడా శాసనాలున్నాయి, కళింగ, మహిషక దేశాల మహారాజు శ్రీ సాద అనే ఆయన దగ్గర లేఖకుడుగా పని చేసిన చుల గోమ అనే మనిషి మండపం దానం ఇచ్చినాడు. రాతకోతలు చూసుకునే ఉద్యోగి ఇచ్చిన మండపం అది. సోషల్ క్లాసులో శాసనాలు ఆధారాలు అని ఒక లైన్ చెప్పి వదిలేస్తాం, ఆ శాసనం ఉండే స్తంభం ముందర నిలబెట్టి ఇదిగో ఇదే ఆధారం అని వేలు పెట్టకుండా చూపిస్తే ఎంత బాగుంటాది.

ఇంక మీకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది పేరెంట్స్. బౌద్ధ గుహలకి ఎందుకు, దేవుడి ఊరు కాదు కదా అని కొందరు అడగొచ్చు. వాళ్ళకి నిదానంగా చెప్పండి. గుంటుపల్లి గుండ్రటి గుహలో స్తూపాన్ని ఆ తట్టు జనం ధర్మలింగేశ్వర స్వామి అని కొలిచినారు, శివరాత్రికి పోయేవాళ్ళు, భిక్షువులు వెళ్ళిపొయినాక వందల ఏళ్ళు ఆ చోటు పాడుబడకుండా కాపాడింది ఆ భక్తే. ఉండవల్లిలో నాలుగు అంతస్తులుగా కొండ తొలిచినారు, లోపల ఒకే రాతిలో పండుకున్న అనంతపద్మనాభస్వామి ఉండాడు, చూస్తే రెండు చేతులూ వాటంతట అవే జోడిస్తాం, విష్ణుకుండిన రాజుల కాలం నాటిదంటారు, మొదట్లో భిక్షువుల కోసం తొలిచి ఉంటారని కూడా కొందరు పండితులు చెప్తారు. ఎల్లోరాలో 10వ గుహ బౌద్ధ చైత్యం, దాన్ని విశ్వకర్మ గుహ అంటారు, వడ్రంగుల గుడిసె అని కూడా అంటారు, రాతి కప్పులో వాసాలు అంత బాగా చెక్కినారు కాబట్టి అది విశ్వకర్మ చేసిందేనని పనివాళ్ళు దండం పెట్టుకునేవాళ్ళు. మా కులవృత్తి వాళ్ళకి ఎల్లోరా ఒక క్షేత్రం లెక్క. కొండ తొలిచినవాడి చేతి పని ఒకటే, అందులో ఉండే దేవుడు బుద్ధుడైనా శివుడైనా విష్ణువైనా. కావాలంటే ద్వారకా తిరుమల కూడా ఆ చుట్టుపక్కలే, చిన్న తిరుపతి స్వామి దర్శనం కూడా చేయించుకుని రండి, పేరెంట్స్ ఇంకా సంతోషపడతారు.

రెండోది దూరం, ఖర్చు. తిరుపతిలో రాత్రి ట్రైన్ ఎక్కితే తెల్లారేసరికి విజయవాడలో దిగొచ్చు. ఆడినుంచి బస్సు మాట్లాడుకుంటే పొద్దున్నే ఉండవల్లి, మధ్యాహ్నానికి గుంటుపల్లి, చీకటి పడేలోపల కొండ దిగి మళ్ళీ రాత్రి ట్రైన్‌కి రావచ్చు. ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉండేవి, 15 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. థీమ్ పార్కులో ఒక పిల్లోడి ఎంట్రీకి అయ్యే డబ్బుల్లో దీని ఖర్చు ఎంతవరకు వస్తాదో మీరే లెక్క వేసుకోండి. ప్రైవేట్ స్కూళ్ళకి ఒక మాట, అందరి దగ్గరా డబ్బులు వసూలు చేసి, కట్టలేని పిల్లోణ్ణి ఆ రోజు ఇంట్లో కూర్చోబెట్టొద్దు. నిజానికి ఈ ట్రిప్ ఆ పిల్లోడికే ఎక్కువ అవసరం కావచ్చు, చేతి పని చేసే ఇళ్ళ నుంచి వచ్చే పిలకాయలు వీటిని చూసే చూపు వేరుగా ఉంటాది.

మూడోది, పిలకాయలకి బోర్ కొడతాది అంటారు. చెప్పేవాళ్ళు లేకపోతే కొడతాది, నిజమే. అక్కడ బోర్డులు చదివితే అర్థమయ్యేది కొంచెమే. కాబట్టి టీచర్ ఒకరు ముందే చదువుకుని రావాల, పిలకాయల చేతికి తెల్ల పేపర్, పెన్సిల్ ఇవ్వాల. ఫొటో తీయడం చివర్న. ముందర ఒక్కొక్కరు ఒక్క వాకిలి గీయాల, దూలాల కొనలు ఎన్ని ఉండాయో లెక్కపెట్టి గీయాల. గీసేటప్పుడు చెయ్యి ఆగతాది, కన్ను ఆగతాది, అప్పుడే కనపడతాది. గది లోపల అరిచి చూడమనండి, గొంతు ఎట్లా తిరిగి వస్తాదో, అక్కడ భిక్షువులు గుమిగూడి పారాయణం చేస్తే ఎట్లా ఉండేదో వాళ్ళకే తెలుస్తాది. వానాకాలంలో బౌద్ధ భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఒకే చోట ఉండిపోవాలని నియమం, అందుకోసం మొదలైన నివాసాలు ఇవి, అని విహారం గదుల్లో నిలబెట్టి చెప్పండి, ఆ గది ఎంత చిన్నదో వాళ్ళని చేతులు చాపి కొలవమనండి.

ఇంకొక్కటి గట్టిగా చెప్పాలి, కొంచెం కోపంగానే చెప్తాను. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది, పక్కనే లింగాలకొండ, కొండ మొత్తం రాతిలోంచి చెక్కిన స్తూపాలు, చిన్నా పెద్దా, వందల్లో. 16 స్తంభాల గుహ, నడిమధ్య స్తూపం. అలెగ్జాండర్ రీ అనే ఆయన 1907లో తవ్వకాలు చేస్తే సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. అట్లాంటి చోట కనుమ రోజు జనం ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడి పొట్ట అని రాళ్ళతో కొట్టే అలవాటు చాలా కాలం ఉండేది, పురావస్తు శాఖ వాళ్ళు, పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళు పట్టుబట్టి చెప్పి ఆపించాల్సి వచ్చింది. ఆ జనం చెడ్డవాళ్ళు అని నేను అనను, అది ఏందో వాళ్ళకి చిన్నప్పుడు ఎవురూ చెప్పలేదు, అంతే. మరి చదువుకున్న మన పిలకాయలు గుహ గోడ మీద కంపాస్ ముల్లుతో పేర్లు గీకి, పక్కన లవ్ గుర్తు వేసి వస్తా ఉంటే దాన్ని ఏమనాల? నేను చూసిన ప్రతి చోటా ఉండాయి ఆ గీతలు. శిల్పి ఆ గోడని ఉలి గాటు కనపడకుండా నున్నగా చేయడానికి పడిన కష్టం మీద గీసిన గీత అది, ఎవురూ చెరపలేరు, చెరపాలంటే గోడే అరగదీయాల. కాబట్టి బస్సు ఎక్కేముందు కంపాస్ బాక్సులు, మార్కర్లు, చాక్‌పీసులు అన్నీ తీసి స్కూల్లో పెట్టించండి. విగ్రహాల మీద ఎక్కి కూర్చోవద్దని చెప్పండి. నూనె చేతులతో శిల్పాలు తడమొద్దని చెప్పండి, ఇసుకరాయి నూనె పీల్చుకుంటాది, తర్వాత ఆ మరక పోదు.

టూరిజం వాళ్ళు చదివితే వాళ్ళకి కూడా ఒక మాట. తిరుపతి నుంచి రోజూ ఎన్నో ప్యాకేజీలు నడుస్తా ఉండాయి, శ్రీకాళహస్తి, కాణిపాకం, తిరుచానూరు. శని, ఆదివారాలు గుడిమల్లం కలిపి, నెలకి ఒకసారైనా ఉండవల్లి, గుంటుపల్లి దాకా స్టూడెంట్ ప్యాకేజీ ఒకటి వేసి, తెలుగు బాగా మాట్లాడే గైడ్‌ని పెడితే స్కూళ్ళకి ఏర్పాట్ల తలనొప్పి తగ్గతాది.

చివరగా నా వంతు. మీ స్కూల్ పోయేముందు రోజు పిలిస్తే ఉలి, సుత్తి, ఒక ఇసుకరాయి ముక్క, ఒక కుప్పం గ్రానైట్ ముక్క తీసుకుని వస్తాను, డబ్బులేమీ వద్దు. రెండింటి మీదా పిలకాయల చేతనే కొట్టిస్తాను. ఇసుకరాయి ఎట్లా రాలతాదో, గ్రానైట్ ఎట్లా ఎదురు తిరగతాదో వాళ్ళ మణికట్టుకి తెలిసినాక కొండెక్కితే చూసేది వేరుగా ఉంటాది. కళ్ళజోళ్ళు నేనే తెస్తాను, పొడి కళ్ళల్లో పడకుండా. సోషల్ టీచర్లకి విడిగా కూర్చుని కూడు, కపోతం, చైత్యం, విహారం అన్నీ గీసి చూపిస్తాను.

పోయేది మాత్రం ఫిబ్రవరి లోపల పెట్టుకోండి. మార్చి దాటితే ఆ తట్టు ఎండకి కొండ మీద రాయి కాలతాది, పిలకాయలు మధ్యాహ్నం నిలబడలేరు. మెట్లు ఎక్కాల్సి ఉంటాది కాబట్టి చెప్పులు జారనివి వేసుకుని రమ్మనండి. నీళ్ళ సీసాలు, మధ్యాహ్నం భోజనం కట్టించుకునే పొండి, పులిహోర అయితే సాయంత్రం దాకా చెడిపోదు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక శిల్పి